విరిగిపోయే ఆయుధాలు, దూరంగా ఉండే సేవ్ పాయింట్లు: ఇది డిజైనా, వేధింపా?

కవచధారి
బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ అనే వీడియో గేమ్ 2017లో వచ్చినప్పటి నుంచి దాన్ని ఆకాశానికెత్తని వారు నాకు కనబడలేదు. ఆ ప్రపంచం, కనిపించిన కొండనల్లా ఎక్కగలిగే స్వేచ్ఛ గొప్పవేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే తలప్రాణం తోకకు వచ్చేలా పోరాడి సంపాదించిన కత్తి, నాలుగు గుంపులను ఎదుర్కొనేసరికి ముక్కలైపోవడంలో ఆనందం ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. ఇంకా ఎన్ని దెబ్బలకు ఆగుతుందో చెప్పే అంకె ఎక్కడా ఉండదు. చివరి క్షణంలో ఆయుధం ఎర్రగా మెరుస్తుంది, తెర మీద ఒక హెచ్చరిక వస్తుంది, ఆ వెంటనే అది చేతిలోనే పగిలిపోతుంది. దీని ఫలితంగా నేను మంచి ఆయుధాలన్నీ దాచుకుని, దొరికిన కర్రలతోనూ తుప్పు పట్టిన కత్తులతోనూ ఆట అంతా నెట్టుకొచ్చాను. ఆఖరికి ఆ ఆటలో అందరూ గొప్పగా చెప్పుకునే మాస్టర్ సోర్డ్ అనే కత్తి కూడా శక్తి తరిగిపోయి పది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటుందంటే ఇక ఎవరితో చెప్పుకోవాలి? ఆటగాడిని కావాలనే చికాకు పెట్టే ఇలాంటి నియమాలు మీకు ఏ ఆటలో ఎదురయ్యాయి, వాటిని ఇష్టపడేవారు ఎందుకు ఇష్టపడతారు అన్నది తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నత్తనడక
ఆయుధాలు దాచుకోమని ఆట మీకు చెప్పలేదు కదా. నిజానికి వాటిని ఖర్చు చేయమనే అది అడుగడుగునా చెబుతుంది. విరగబోయే ఆయుధాన్ని శత్రువు మీదికి విసిరితే రెట్టింపు దెబ్బ తగులుతుంది కాబట్టి, ఆ ఎర్రటి మెరుపు నాకు హెచ్చరికగా కాక ఆహ్వానంగా కనిపిస్తుంది. చేతిలో ఏమీ లేనప్పుడే కొండ మీది బండను దొర్లించాలనీ, ఎండు గడ్డికి నిప్పు పెట్టాలనీ, శత్రువు చేతిలోంచి జారిన గదను లాక్కోవాలనీ బుద్ధి పుడుతుంది. అరగని కత్తి ఒకటి మొదట్లోనే దొరికి ఉంటే ఆ తర్వాత తెరిచే ప్రతి పెట్టెలోని ఆయుధమూ చెత్తబుట్టకే పోయేది.

సున్నా_జాలి
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సంచిలో దాచిన ఆయుధం లేనట్టే లెక్క.

పిక్సెల్_పంతులు
ఇక్కడ ఆయుధం విరగడం ఒక సంగతి, విరిగినప్పుడు ఆటగాడికి ఏమి మిగులుతుందన్నది మరొక సంగతి. 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్‌లోనూ ఆయుధాలు అంతే సులభంగా విరుగుతాయి. పైగా కథ మొదట్లోనే లోకంలోని మంచి కత్తులన్నీ చెడిపోయాయని చెప్పి, మొండి ఆయుధాలే చేతికిస్తారు. అయినా దాని మీద అంత గొడవ జరగలేదు. కారణం ఏమిటంటే, అక్కడ ఆయుధం బలం ప్రధానంగా దానికి అతికించే వస్తువులో ఉంటుంది. పెద్ద రాక్షసుడిని కొడితే వాడి కొమ్ము దొరుకుతుంది, దాన్ని మొండి కత్తికి అతికిస్తే మళ్లీ మంచి ఆయుధం తయారవుతుంది. మొదటి ఆటలో ఒక పోరాటం మూడు ఆయుధాలను మింగి ఒక్కదాన్ని ఇస్తే, ఆ పోరాటం చేయకుండా పక్కనుంచి వెళ్లిపోవడమే తెలివైన పని అనిపించేది. రెండో ఆటలో ఆ లెక్కను సరిచేశారు.

రెసిడెంట్ ఈవిల్ 4 సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. 2005 నాటి ఆటలో కత్తి ఎప్పటికీ విరగదు. 2023 పునర్నిర్మాణంలో అది అరుగుతుంది, బాగు చేయించుకోవడానికి డబ్బు ఖర్చవుతుంది. అయితే దానికి బదులుగా అదే కత్తితో గొడ్డలి దెబ్బను, చివరికి రంపం దెబ్బను కూడా అడ్డుకునే శక్తిని ఇచ్చారు. ఏదైనా లాక్కునేటప్పుడు చేతిలో ఇంకేదైనా పెడితే ఆటగాడు అంతగా అలగడు.

కవచధారి
పంతులు గారి కొమ్ముల లెక్క నాకు నచ్చింది. కాకపోతే ఆ అతికించే పని కోసం, ముఖ్యంగా బాణాలకు, ప్రతిసారీ పోరాటం ఆపి ఆ పొడవాటి వస్తువుల వరుసను పక్కకు జరుపుతూ కూర్చోవడం చూస్తే, ఒక చికాకును తీసేసి దాని స్థానంలో మరొకటి కూర్చోబెట్టారేమో అనిపిస్తుంది.

బాస్‌గది_బయట
ఆయుధం విరిగితే ఇంకొకటి దొరుకుతుంది, పోయిన సమయాన్ని ఎవరూ తిరిగి ఇవ్వరు. అందుకే నా ఫిర్యాదు బాస్ (దారి చివర కాచుకుని ఉండే పెద్ద శత్రువు) చేతిలో చనిపోయిన ప్రతిసారీ ఎక్కడో దూరాన లేచి, దారిలోని శత్రువులందరినీ మళ్లీ దాటుకుంటూ రావలసిన పద్ధతి మీద. 2011 నాటి డార్క్ సోల్స్‌లో ఆనోర్ లోండో పైకప్పు దగ్గర ఒక చోటు ఉంది. ఒంటి మనిషి మాత్రమే పట్టే రాతి అంచు మీద నడుస్తూ ఉంటే, ఇద్దరు వెండి కవచపు విలుకాళ్లు చెరో వైపు నుంచి ఈటె అంత బాణాలు వేస్తారు. డాలు అడ్డం పెట్టినా బాణం ఊపుకు వెనక్కి జరిగి కిందికి పడిపోతారు. కింద నేల కూడా కనబడదు. దాన్ని దాటడం ఒక పరీక్ష అంటే ఒప్పుకుంటాను, ఎందుకంటే దాటిన కొంచెం దూరంలోనే చలిమంట, అంటే చనిపోతే తిరిగి లేచే చోటు, ఉంటుంది. అదే ఆటలో కొందరు బాస్‌ల దగ్గరికి మళ్లీ మళ్లీ పరుగెత్తడంలో పరీక్ష కూడా లేదు. తెలిసిన దారిలో, తెలిసిన మలుపుల్లో, తెలిసిన శత్రువుల పక్కనుంచి పరుగు తీయడం తప్ప చేసేదేమీ ఉండదు.

ఆ తయారీదారులే 2022లో ఎల్డెన్ రింగ్ చేసినప్పుడు చాలా చోట్ల బాస్ గదికి దగ్గరలోనే తిరిగి లేచే వీలు కల్పించారు. దాంతో ఆట తేలికైపోయిందని నేనెక్కడా వినలేదు. మళ్లీ 2025లో సిల్క్‌సాంగ్ అనే ఆట వచ్చి పాత గాయాన్ని రేపింది. లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గరికి వెళ్లే ఆ ఇసుక గాలుల దారి సంగతి ఆడినవారికి నేను చెప్పనక్కరలేదు. కొన్ని చోట్ల తిరిగి లేచే చోటైన బల్ల మీద కూర్చోవడానికి కూడా పూసలు (ఆ ఆటలో డబ్బు) చెల్లించాలనడం గోరుచుట్టు మీద రోకటి పోటు.

సున్నా_జాలి
ఆ దారి వృథా అని నేను అనుకోను. ఓడిన వెంటనే అదే బాస్ ముందు లేస్తే, ఆటగాడు ఆలోచించకుండా అదే తప్పును అదే చేత్తో మళ్లీ చేస్తాడు. నడిచి వచ్చే ఆ కొద్దిసేపట్లో ఆవేశం చల్లారుతుంది, ఎక్కడ పొరపాటు జరిగిందో మనసులో తిరుగుతుంది. పైగా మొదట ప్రతి శత్రువుతోనూ పోరాడిన మనిషి, కొన్ని ప్రయత్నాల తర్వాత ఒక్క దెబ్బ కూడా తినకుండా వాళ్ల మధ్య నుంచి దూసుకుపోతాడు. ఆ నేర్పు బాస్‌ను గెలవడంలో భాగం కాదని ఎలా అంటారు?

బాస్‌గది_బయట
ఆవేశం చల్లారాలంటే నేను కంట్రోలర్ పక్కన పెట్టి లేవగలను, అందుకు ఆట నా చేయి పట్టుకుని నడిపించనక్కరలేదు. 2010 నాటి సూపర్ మీట్ బాయ్‌లోనూ, 2018 నాటి సెలెస్టేలోనూ చనిపోయిన క్షణంలోనే ఆ తెర మొదట్లో లేస్తాము. ఆ రెండూ తేలికైన ఆటలని మీరు అనలేరు కదా. మళ్లీ ప్రయత్నించడానికి అయ్యే ఖర్చు తక్కువైతే, ఎదురుగా ఉన్న సవాలును డిజైనర్ ఎంత కఠినంగా అయినా పెట్టవచ్చు.

నీలిగుల్ల
1996 నుంచి మారియో కార్ట్ పందేల్లో వెనకబడినవారు విసిరే నీలి గుల్ల మొదటి స్థానంలో ఉన్నవాడి నెత్తిన పడుతూనే ఉంది. ముగింపు గీతకు మూడు అడుగుల దూరంలో దాన్ని తిన్నవారి ముందు విరిగిన కత్తుల గురించి కన్నీరు పెట్టుకోవడం మర్యాద కాదని మనవి చేస్తున్నాను.

సున్నా_జాలి
ఆ గుల్ల పేరు పెట్టుకుని తిరుగుతున్న మనిషి ఏ స్థానంలో ఉండి దాన్ని విసురుతున్నారో కూడా చెబితే బాగుండేది.

నీలిగుల్ల
ఎప్పుడూ ఎనిమిదో స్థానమే. అందుకే ఆ డిజైన్ నాకు అత్యుత్తమంగా కనిపిస్తుంది.

తొంభైఅయిదుశాతం
సమయం గురించి మాట వచ్చింది కాబట్టి, గడువులు పెట్టి తరిమే ఆటల సంగతి చెబుతాను. 2016లో సైనికులను వంతులవారీగా నడిపించే ఎక్స్‌కామ్ 2 వచ్చినప్పుడు చాలా మిషన్లకు టర్న్‌ల (వంతుల) పరిమితి పెట్టారు. గడువులోగా లక్ష్యాన్ని చేరకపోతే మిషన్ పోతుంది. గడువు తీరేలోగా తప్పించుకునే చోటుకు చేరని సైనికులు, కొన్ని మిషన్లలో, అక్కడే చిక్కుకుపోతారు. విడుదలైన వెంటనే ఆ గడువులను తీసేసే మోడ్‌లు (ఆటగాళ్లే చేసుకునే మార్పులు) పుట్టుకొచ్చాయి. 2017లో దాని అనుబంధంగా వచ్చిన వార్ ఆఫ్ ది చోజెన్‌లో గడువు పెంచుకునే వీలును తయారీదారులే ఇచ్చారు.

ఆ గడువులు ఎందుకు వచ్చాయో చూడాలంటే దాని ముందు ఆట అయిన 2012 నాటి ఎనిమీ అన్‌నోన్‌కు వెళ్లాలి. అందులో ప్రతి టర్న్‌లోనూ రెండు అడుగులు వేసి, అందరినీ కాపలా స్థితిలో ఉంచి, శత్రువు ఎదురుపడే వరకు అలాగే పాకడం అన్నింటికంటే సురక్షితమైన పద్ధతి. సురక్షితమే కానీ పరమ విసుగు. విసుగు పుట్టించే దారి గెలుపు దారి కూడా అయితే, ఆటగాళ్లు విసుగు పడుతూనే ఆ దారిన పోతారు, ఆ తర్వాత ఆట బాగాలేదని అంటారు. 2013లో దాని అనుబంధంగా వచ్చిన ఎనిమీ వితిన్‌లో దీనికి మొదటి మందు వేశారు. మెల్డ్ అనే విలువైన పదార్థం ఉన్న డబ్బాలను మైదానంలో అక్కడక్కడ ఉంచి, కొన్ని టర్న్‌ల తర్వాత అవి నాశనమైపోయేలా చేశారు. తొందరపడితే లాభం, పడకపోతే నష్టమేమీ లేదు. దాని మీద ఎవరూ పెద్దగా గొడవ చేయలేదు. ఎక్స్‌కామ్ 2లో మందు అదే, కానీ ఈసారి దాన్ని చెంపదెబ్బతో కలిపి ఇచ్చారు.

నత్తనడక
నా పేరు చూస్తేనే తెలుస్తుంది నేను ఏ పక్షమో. నాకు ఆ పాకడంలో విసుగు కలగలేదు. మూలమూలా పరిశీలించి, ఒక్క సైనికుడినీ పోగొట్టుకోకుండా మిషన్ ముగించడమే నా దృష్టిలో ఆట. నేను సరదాగా ఆడుతున్న తీరును చూసి, ఇది సరదా కాదని మరొకరు తేల్చి, దాన్ని అడ్డుకోవడానికి గడియారం పెడితే నాకు కోపం రాదా?

పిక్సెల్_పంతులు
చెంపదెబ్బ గురించి ఒక పాత ఉదాహరణ గుర్తుకొస్తోంది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఇంకా పరీక్షల దశలో ఉన్నప్పుడు, ఎక్కువసేపు ఆడేవారికి దొరికే అనుభవ పాయింట్లు కొంతసేపటి తర్వాత సగానికి పడిపోయేవి. ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు తయారీదారులు ఆ సగాన్నే మామూలు స్థాయిగా ప్రకటించి, ఆటకు దూరంగా విశ్రాంతి తీసుకుని వచ్చినవారికి కొంతసేపు రెట్టింపు పాయింట్లు ఇస్తామన్నారు. లోపలి లెక్క ఇంచుమించు అదే. అయినా శిక్షను తిట్టినవారే బహుమతిని మెచ్చుకున్నారు. నత్తనడక గారి కోపంలో ఎంత భాగం గడువు మీద, ఎంత భాగం తెర మీద గడువును చూపించే ఆ అంకె మీద అన్నది ఆలోచించదగ్గ విషయం.

నత్తనడక
నా విషయంలో రెండింటి మీదా ఉంది పంతులు గారూ. డబ్బాలు నాశనమైపోతుంటే నేను హాయిగా చూస్తూ ఊరుకున్నాను, కాబట్టి అది నాకు సమస్య కాలేదు. సైనికుడు చిక్కుకుపోయినప్పుడు అలా ఊరుకోలేను. బహుమతిని కాదనే హక్కు నాకు ఉంది, శిక్షను కాదనే హక్కు లేదు. ఈ రెండింటినీ ఒకే లెక్క కింద కట్టడం సరికాదు.

తొంభైఅయిదుశాతం
ఆ తేడా నిజమే. అయితే లెక్క కంటే లెక్కను చూపించే తీరే మనిషిని కదిలిస్తుందనడానికి నా పేరే సాక్ష్యం. ఎక్స్‌కామ్‌లో 95 శాతం అని చూపించిన గురి తప్పితే మోసమని అరుస్తాము, ఇరవైలో ఒకటి తప్పాలన్నది గణితమే అయినా సరే. సివిలైజేషన్ ఆట సృష్టికర్త సిడ్ మైయర్ కూడా 2010 నాటి జీడీసీ (ఆటల తయారీదారుల సమావేశం) ప్రసంగంలో ఈ సంగతే వివరించారు. మూడింతల బలం ఉన్నప్పుడు ఓడిపోవడాన్ని ఆటగాళ్లు అంగీకరించలేకపోయారు.

ఫైర్ ఎంబ్లెమ్ ఆటలు చేసినవారు దీనికి మరో ఉపాయం పన్నారు. 2002 నాటి బైండింగ్ బ్లేడ్ మొదలుకొని కొన్ని ఆటల్లో ఒక యాదృచ్ఛిక సంఖ్యకు బదులు రెండు తీసి వాటి సగటును చూస్తారు. అందువల్ల తెర మీద 90 శాతం అని కనిపించే దెబ్బ నిజానికి నూటికి 98 సార్లు తగులుతుంది, 10 అని కనిపించేది సుమారు 2 సార్లే తగులుతుంది. ఆటగాడి మనసులో ఉన్న తప్పుడు గణితానికి తగ్గట్టు ఆటనే వంచారన్నమాట. అక్కడ ఒకసారి చనిపోయిన సైనికుడు మళ్లీ రాడు కాబట్టి, ఆ చిన్న అబద్ధం ఎంతో కోపాన్ని అడ్డుకుంది.

సున్నా_జాలి
నాకు అబద్ధం చెప్పి సముదాయించే ఆట కంటే నిజం చెప్పి ఓడించే ఆటే నయం.

అర్ధరాత్రి_ఆట
మీరందరూ ఎంతసేపైనా కూర్చుని ఆడగలిగేవారిలా ఉన్నారు. నా ఇంట్లో పసిపాప ఉంది. ఎప్పుడు లేస్తుందో తెలియదు, లేచిందంటే నేను ఆ క్షణంలోనే లేవాలి. అందువల్ల నాకు విరిగే కత్తులూ గడువులూ లెక్కలోకి రావు. ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకోనివ్వని ఆటే నా శత్రువు.

ఈ పద్ధతి పాతదే. 1996 నాటి రెసిడెంట్ ఈవిల్‌లో టైప్‌రైటర్ దగ్గర, అదీ సిరా రిబ్బన్ ఉంటేనే సేవ్ అయ్యేది. ఆ రిబ్బన్ సంచిలో ఒక గడిని ఆక్రమించేది, క్రిస్‌గా ఆడితే మొత్తం ఉన్నవే ఆరు గడులు. 2014 నాటి ఏలియన్ ఐసొలేషన్‌లో ఇంకా ఘోరం. గోడకు ఉన్న పెట్టెలో కార్డు పెట్టి నిలబడితే, చిన్న దీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి. అవన్నీ వెలిగేదాకా సేవ్ కాదు. ఈలోగా మనల్ని వెంటాడే గ్రహాంతర ప్రాణి వెనకనుంచి వచ్చి పొడిచేయవచ్చు. భయపెట్టడంలో అంతకంటే గొప్ప ఆలోచన లేదని నాకూ తెలుసు. కానీ రెండో దీపం వెలుగుతుండగా పక్క గదిలోంచి ఏడుపు వినిపిస్తే నేను ఏ ప్రాణిని సముదాయించాలి?

నీలిగుల్ల
రెండూ అరుస్తాయి, ఒకదానికి మాత్రమే పాలు పడితే ఊరుకుంటుంది.

సున్నా_జాలి
మీ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేసుకునే వీలు ఇస్తే, తలుపు తెరిచే ముందు ఒకసారి, తెరిచాక ఒకసారి సేవ్ చేస్తూ పోతారు. ఇక ఆ కారిడార్‌లో భయపడటానికి ఏముంటుంది? ఆ ప్రాణి చేసే భయం కంటే, గత అరగంట కష్టం పోతుందన్న భయమే ఆ ఆటను నిలబెట్టింది.

అర్ధరాత్రి_ఆట
నేను అడుగుతున్నది అది కాదు. ఆటను మూసేటప్పుడు మాత్రమే పనిచేసి, తిరిగి తెరవగానే చెరిగిపోయే తాత్కాలిక సేవ్ ఒకటి ఉంటే చాలు. దానితో ఎవరూ తలుపు ముందు మోసం చేయలేరు, నా పనీ జరుగుతుంది. 2000 సంవత్సరం నాటి మజోరాస్ మాస్క్‌లోనే గుడ్లగూబ విగ్రహాల దగ్గర అలాంటి సేవ్ ఉండేది. 2018లో వచ్చిన కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ కూడా మొదట సేవ్ కోసం ప్రత్యేకమైన సారా తాగాలని నియమం పెట్టి, ఆ తర్వాత ప్యాచ్‌లో (సవరణలో) సేవ్ చేసి బయటికి వెళ్లే వీలును చేర్చింది. ఆటను ఉన్నచోటే ఆపి నిద్రపుచ్చే సౌకర్యం ఉన్న కన్సోల్ కొనుక్కోమని ఇంతకుముందు ఒకరు నాకు సలహా ఇచ్చారు. కరెంటు పోతే ఆ నిద్ర కూడా పోతుందని వారికి మనవి.

సున్నా_జాలి
తాత్కాలిక సేవ్ మీద నాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు. అది లేకపోవడం డిజైన్ కాదు, బద్ధకం.

దారితప్పినవాడు
ఇంతవరకు అందరూ ఆట కష్టపెట్టడం గురించే మాట్లాడారు. నన్ను చికాకు పెట్టేది అతిగా సాయం చేయడం. ఎక్కవలసిన ప్రతి రాతి అంచుకూ పసుపు రంగు, పగలగొట్టవలసిన ప్రతి పెట్టెకూ పసుపు రంగు. 2024లో ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ డెమో వచ్చినప్పుడు కొండ రాళ్ల మీది ఆ పూతను చూసి ఎంత రభస జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. మనిషి అడుగుపెట్టని కొండ చరియకు ముందుగా వెళ్లి రంగు వేసి వచ్చిన ఆ కార్మికుడు ఎవరో నాకు ఒకసారి చూడాలని ఉంది.

2022 నాటి గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌లో చిక్కుముడి ముందు నిలబడి చుట్టూ చూసేలోపే పక్కనున్న పాత్ర జవాబు చెప్పేస్తుంది. నాకు జవాబు తెలియకపోవడం వేరు, ఆలోచిస్తూ నిలబడటం వేరు. రెండింటికీ మధ్య తేడాను ఆట పసిగట్టలేకపోతే కనీసం నోరు మూసుకోవాలి.

2002 నాటి మారోవిండ్‌లో మ్యాప్ మీద బాణం గుర్తు ఉండేది కాదు. ఫలానా వంతెన దాటి, నది వెంట ఉత్తరానికి నడిచి, రెండు రాళ్ల మధ్య దారి చూడండి అని పాత్రలు నోటితో చెప్పేవి, అది డైరీలో నమోదయ్యేది. దారి తప్పేవాళ్లం, తప్పిన చోట ఇంకేదో దొరికేది.

లూప్_లోపల
నేను చిన్న ఆటలు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ఆ పసుపు కార్మికుడి తరఫున రెండు మాటలు చెబుతాను. కొత్తవారి చేతికి మన ఆటను ఇచ్చి, నోరు మెదపకుండా వెనక కూర్చుని చూడటమంత శిక్ష ఇంకొకటి లేదు. నిచ్చెన ఎదురుగా ఉంటుంది. ఆ మనిషి దాని పక్కనుంచి వెళ్లి, గది చుట్టూ తిరిగి, ఎక్కడానికి వీల్లేని పెట్టె మీదికి దూకి, మళ్లీ దూకి, చివరికి ఆట పాడైందని కంట్రోలర్ కింద పెడతారు. ఆటల్లో బొమ్మలు సాదాగా ఉన్న రోజుల్లో ఈ ఇబ్బంది తక్కువ, ఎందుకంటే తెర మీద కనిపించే వస్తువులు కొన్నే, వాటిలో చాలావరకు పనికొచ్చేవే. ఇప్పుడు ఒక్క గదిలోనే లెక్కలేనన్ని వస్తువులు నిజమైన వాటిలా కనిపిస్తాయి, అందులో ముట్టుకోగలిగినవి రెండో మూడో. వాటిని వేరుచేసి చూపించడానికి వెలుగునూ, గదుల అమరికనూ వాడటం మంచి పద్ధతి. కానీ గదిని మార్చిన ప్రతిసారీ ఆ పని మళ్లీ చేయాలి. రంగు పూయడానికి ఒక పూట చాలు. ఆట విడుదల దగ్గరపడినప్పుడు ఏది గెలుస్తుందో మీరే ఊహించుకోండి.

దారితప్పినవాడు
కారణం అర్థమైంది. అయితే ఆ రంగును ఆపుకునే వీలు ఇవ్వడానికి అడ్డేమిటి? 2018 నాటి షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్‌లో పోరాటానికీ, అన్వేషణకూ, చిక్కుముడులకూ విడివిడిగా కఠినత్వాన్ని ఎంచుకోవచ్చు. అన్వేషణను కఠినంగా పెట్టుకుంటే రాళ్ల మీది తెల్ల పూత మాయమవుతుంది.

కవచధారి
నేనూ అదే అడగబోతున్నాను. ఆయుధాలు విరగడం, గడువులు, సేవ్ పరిమితులు, రంగులు, వీటన్నిటికీ మెనూలో ఒక్కో మీట పెట్టేస్తే ఈ తగాదాలన్నీ తీరిపోతాయి కదా. ఎవరికి కావలసినట్టు వారు ఆడుకుంటారు.

పిక్సెల్_పంతులు
కొన్ని చోట్ల తీరుతాయి. 2007 నాటి బయోషాక్‌లో చనిపోతే వీటా ఛాంబర్‌లో తిరిగి లేచేవాళ్లం, మనం అంతకుముందు శత్రువుకు చేసిన గాయాలు అలాగే ఉండేవి. ఇలాగైతే రెంచి పట్టుకుని ఎన్నిసార్లయినా చచ్చి ఎవరినైనా గెలవవచ్చని కొందరు గొడవ చేస్తే, ప్యాచ్‌లో వాటిని ఆపుకునే మీట ఇచ్చారు. ఇష్టపడనివారు ఆపుకున్నారు, కథ ముగిసింది.

2008 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా విషయంలో అలా జరగలేదు. అందులో మనం లోయలో పడబోతే తోడుగా ఉండే ఎలికా అనే పాత్ర చేయి పట్టుకుని చివరిగా నిలబడిన చోట దింపుతుంది. ఇది దగ్గరలో చెక్‌పాయింట్ (చనిపోతే తిరిగి మొదలయ్యే చోటు) ఉండటానికి ఏమాత్రం భిన్నం కాదు. ఇంకా చెప్పాలంటే, నల్ల తెర వచ్చి మళ్లీ లోడ్ అయ్యే సమయం మిగులుతుంది. అయినా చావు లేని ఆట ఏమి ఆట అని చాలామంది పెదవి విరిచారు. చేయి పట్టుకుని పైకి లాగడం వారికి అవమానంగా తోచింది, అదే పని నల్ల తెర వెనక జరిగితే గౌరవంగా ఉండేది. ఇలాంటి చోట ఏ మీట పెడతారు?

లూప్_లోపల
మీట పెట్టడం అంటే ఒక గీత కోడ్ రాయడం అని చాలామంది అనుకుంటారు. కవచధారి గారు ఆయుధాలు విరగకుండా చేసుకున్నారనుకుందాం. అప్పుడు బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ ప్రపంచంలోని పెట్టెల్లో చాలా ఖాళీ అయినట్టే, వాటిలో ఉన్నవి కొత్త ఆయుధాలే కాబట్టి. సంచిలో గడులు పెంచుకోవడానికి ఏరుకునే కోరోక్ గింజలకూ విలువ పడిపోతుంది. మీట ఒకటే, కానీ దాని వెనక ఉన్న బహుమతులన్నీ మళ్లీ పేర్చాలి. మ్యాప్ గుర్తుల సంగతీ అంతే. బాణం గుర్తును నమ్ముకుని రాసిన ఆటలో ఆ గుర్తును ఆపేస్తే, పాత్రలు దారి చెప్పవు కాబట్టి ఆటగాడు నిజంగానే అడవిలో మిగిలిపోతాడు. గుర్తు లేకుండా ఆడగలగాలంటే సంభాషణలు ముందే అలా రాసి ఉండాలి, లేదా 2020 నాటి ఘోస్ట్ ఆఫ్ సుషిమాలో గాలి వీచే దిక్కును దారిగా చేసినట్టు మొదటినుంచే ఆలోచించి ఉండాలి.

సెలెస్టేలో సహాయక పద్ధతి అంత బాగా కుదరడానికి కారణం, ఆ ఆటలో బహుమతి అంటే పైకి చేరడమే. వేగం తగ్గించినా, దెబ్బ తగలకుండా చేసుకున్నా విలువ పోయే వస్తువు పక్కన ఏదీ లేదు.

సున్నా_జాలి
ఇది చదివాక సోల్స్ తరహా ఆటల్లో తేలిక మీట ఎందుకు ఉండకూడదని నేను వాదించనక్కరలేకపోయింది.

బాస్‌గది_బయట
ఆయన చెప్పింది మీట పెట్టడానికి శ్రమ పడాలని, పెట్టకూడదని కాదు. వేగాన్ని కొంచెం తగ్గించుకునే వీలు ఇస్తే మీ పెట్టెలోని ఏ ఆయుధం విలువ పడిపోతుంది? చేతి వేళ్లు మీ అంత చురుగ్గా కదలనివారు కూడా డబ్బు పెట్టే కొన్నారు.

సున్నా_జాలి
వేళ్ల సంగతి నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఎల్డెన్ రింగ్‌లో తోడుగా ఆత్మలను పిలుచుకోవడం, మాయలు వాడటం, వేరే చోటికి వెళ్లి బలపడి రావడం ఇవన్నీ ఆట లోపలే ఉన్న తేలిక మీటలు. మెనూలో లేవు కాబట్టి కొందరు వాటిని లెక్కలోకి తీసుకోరు.

బాస్‌గది_బయట
తీసుకుంటాను. అయితే ఆత్మను పిలిచినంత మాత్రాన బాస్ కత్తి నెమ్మదిగా దిగదు కదా.

ఆఖరి_ప్రాణం
మీ చర్చ అంతా కళ్లకు కనిపించే నియమాల గురించి. కనిపించని నియమం ఎదురైతే ఎలా ఉంటుందో చెబుతాను. 2006 నాటి ఫైనల్ ఫాంటసీ 12లో జోడియాక్ స్పియర్ అనే ఈటె ఉంది, ఆటలో అత్యంత బలమైన ఆయుధాల్లో అదొకటి. అది నబూడిస్ శిథిలాల్లోని ఒక పెట్టెలో దొరకాలంటే, అంతకుముందు దారిలో వచ్చే నాలుగు మామూలు పెట్టెలను తెరిచి ఉండకూడదు. వాటిలో మొదటిది ఆట మొదలైన కాసేపటికే డాలన్ అనే ముసలాయన ఇంటి దగ్గర ఎదురవుతుంది. ఆ పెట్టెకూ మిగతా పెట్టెలకూ ఏ తేడా ఉండదు. తెరవవద్దని ఎవరూ చెప్పరు, తెరిచాక ఏమి పోయిందో కూడా చెప్పరు. పెట్టె కనిపిస్తే తెరవమని ఆటే మనకు అలవాటు చేసి, ఆ అలవాటుకే శిక్ష వేస్తుంది. పైగా శిక్ష పడిందని ఎన్నో గంటల తర్వాత ఏదో గైడ్ చదివితే తప్ప తెలియదు.

నత్తనడక
ఇంతసేపూ ప్రతి డిజైన్‌నూ ఏదో ఒక విధంగా సమర్థించాలని చూశాను. దీన్ని మాత్రం నా వల్ల కాదు.

సున్నా_జాలి
నా వల్ల కూడా కాదు. ఇందులో నేర్చుకోవడానికి ఏమీ లేదు, గైడ్ పుస్తకం అమ్ముకోవడానికి తప్ప.

పిక్సెల్_పంతులు
2017లో వచ్చిన జోడియాక్ ఏజ్‌లో ఆ నాలుగు పెట్టెల నియమం లేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారు ఏ పెట్టెనైనా నిశ్చింతగా తెరవవచ్చు. ఆఖరి_ప్రాణం గారు పాత డిస్క్‌తోనే ఆడుతున్నట్లయితే, డాలన్ ఇంటి దగ్గరికి వెళ్లే ముందు వేరే స్లాట్‌లో ఒక సేవ్ ఉంచుకోవడం మంచిది.

ఆఖరి_ప్రాణం
ఆ ఇంటిని దాటి చాలా దూరం వచ్చేశాను పంతులు గారూ. పాత డిస్క్ అమ్మకానికి పెట్టాను, కావలసినవారు సందేశం పంపవచ్చు.

నీలిగుల్ల
మెమరీ కార్డుతో సహా ఇస్తానంటే కొంటాను. ఆ పెట్టెలు తెరవని సేవ్ అందులో ఉందో లేదో ముందు చెప్పండి.